స్ట్రైక్‌కి ఐదు చప్పట్లు: నీగాతాలో ఒక ఇంగ్లిష్ తరగతి కేస్ స్టడీ

ఈ కేసు ఒక ఎనిమిదో తరగతి అబ్బాయిది. జపాన్ లెక్కలో జూనియర్ హైస్కూల్ రెండో ఏడాది. వాణ్ని ‘కె’ అని రాస్తాను. ఊరి పేరు, స్కూలు పేరు రాయను. నీగాతా ప్రిఫెక్చర్‌లో, నాగావొకా నగరానికి దగ్గర్లో, చుట్టూ వరి పొలాలున్న ఊరు అనుకుంటే చాలు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా వారానికి ఒక పీరియడ్ చొప్పున నేను ఆ తరగతిలో చూసింది, చేసింది, మధ్యలో చెడగొట్టింది, మళ్ళీ సరిచేసుకున్నది అంతా ఇందులో ఉంది.

జపాన్‌కి ఇంగ్లిష్ చెప్పడానికి వచ్చే తెలుగువాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిషే మాట్లాడిన టీచరు దగ్గర లేనిది ఒకటి మన దగ్గర ఉంది. నాతోనే ఉన్నా అది నాకు ఇక్కడికొచ్చిన ఏడాది దాకా కనపడలేదు.

నా పని

జపాన్ ప్రభుత్వం 1987లో మొదలుపెట్టిన జెట్ ప్రోగ్రామ్ కింద వచ్చాను. ఒక్కో ఏడాదికి కాంట్రాక్టు, పొడిగిస్తూ పోతే గరిష్ఠంగా ఐదేళ్ళు. హోదా ఏఎల్‌టీ, అంటే ఇంగ్లిష్ పాఠంలో సహాయ టీచరు. పాఠం నడిపేది, మార్కులు వేసేది, తల్లిదండ్రులకు జవాబు చెప్పేది లైసెన్సున్న జపనీస్ టీచరే. నేను పక్కన నిలబడి చదివి వినిపిస్తాను, పిల్లల చేత మాట్లాడిస్తాను. వారంలో మూడు రోజులు ఈ జూనియర్ హైస్కూల్లో, మిగతా రెండు రోజులు రెండు ప్రైమరీ స్కూళ్ళలో. 2020 నుంచి ఇక్కడ ప్రైమరీ ఐదు, ఆరు తరగతుల్లో ఇంగ్లిష్ మార్కులుండే సబ్జెక్టయింది. అందుకే ఇప్పుడు ఏఎల్‌టీలకు ప్రైమరీలోనూ చాలా పని.

జూనియర్ హైస్కూల్లో ఇంగ్లిష్ ఏడాదికి 140 పీరియడ్లు. పీరియడ్ 50 నిమిషాలు. వారానికి నాలుగు వస్తే, కె తరగతిలో నాకు దక్కేది ఒకటి. ఈ లెక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. వారానికి 50 నిమిషాల్లో ఎంత మారుతుందో అంతే మారుతుంది. మొదట్లో నేను దీన్ని మర్చిపోయాను.

ఆ తరగతిలో 28 మంది. కె కిటికీ పక్క వరుసలో మూడోవాడు. బేస్‌బాల్ క్లబ్బు, నున్నగా కత్తిరించిన జుట్టు, ఇంట్లో వరి సాగు. సెప్టెంబరులో కోతలప్పుడు సోమవారం పొద్దున వచ్చేసరికి మెడ వెనక ఎండకు కమిలి ఉండేది.

సమస్య

కె నాతో మాట్లాడడు. ఇంగ్లిష్ టీచరు దగ్గరా ఇంగ్లిష్‌లో మాట్లాడడు. ప్రశ్న అడిగితే తల దించుకుని ‘వకరిమసెన్’, తెలియదు, అంటాడు. అది కూడా బల్లతో చెప్పినట్టు చెబుతాడు. తరగతి మొత్తం కలిసి చదివేటప్పుడు మాత్రం గొంతు కలుపుతాడు. పక్కన నిలబడి విన్నాను: ‘అయ్ రైకు బేసుబోరు’. నోటుబుక్కులో ‘ఐ ఎవ్రీ డే రైస్ ఈట్’ అని రాస్తాడు. ఎర్ర సిరాతో దిద్ది ఇస్తే వచ్చే వారం మళ్ళీ అదే వరుస.

స్టాఫ్ రూములో కె గురించి ఉన్న అభిప్రాయం ‘ఇంగ్లిష్‌లో వీక్’. నేనూ ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఒక్క మాట కింద మూడు వేరువేరు సంగతులు దాగి ఉన్నాయి. మాట చివర అచ్చు తగిలించడం ఒకటి. క్రియని వాక్యం చివర పెట్టడం ఇంకొకటి. నలుగురి ముందు తప్పు పోతానేమోనన్న భయం మూడోది. మొదటి రెండూ వాడి భాష నుంచి వచ్చినవి, మూడోది తరగతి గది నుంచి. మూడింటికీ ఒకే మందు వేద్దామని చూశాను.

నేను చేసిన తప్పు

ఏఎల్‌టీలు అందరూ చేసేవే ముందు చేశాను: బింగో, స్టిక్కర్లు, బోర్డు మీద పందేలు. హుషారైన పిల్లలు ఇంకా హుషారయ్యారు. కె కదల్లేదు.

అక్టోబరులో ఒక రోజు వాణ్ని పేరు పెట్టి పిలిచాను. నేను చదువుకున్న స్కూల్లో అదే పద్ధతి. సారు పేరు పిలిస్తే లేచి నిలబడాలి, తప్పో ఒప్పో చెప్పాలి, రాకపోతే పక్కవాడు అందిస్తాడు, క్లాసంతా గోల. ఆ గోలలో తప్పు కూడా కలిసిపోతుంది. ఇక్కడ గోల లేదు. కె లేచాడు. కుర్చీ నేల మీద గీసుకున్న శబ్దం ఒక్కటే వినపడింది. ‘నిన్న స్కూలయ్యాక ఏం చేశావు?’ అన్నది ప్రశ్న. రెండు సెకన్లు ఆగి, చాల్లే అన్నట్టు నేనే ప్రశ్న మళ్ళీ అడిగాను. మళ్ళీ ఆగి, జవాబులో మొదటి మాట అందించాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ముందు వరుస పిల్లలు వెనక్కి తిరగలేదు, వాడి పరువు కాపాడుతున్నట్టు అందరూ పుస్తకాల్లోకే చూస్తున్నారు. చివరికి ఇంగ్లిష్ టీచరు మెల్లగా కూర్చోమన్నారు.

తర్వాతి వారం నా పీరియడ్‌కి కె లేడు. కడుపు నొప్పి అని హొకెన్‌షిత్సులో, అంటే స్కూలు నర్సు గదిలో, పడుకున్నాడు. ఆ పై వారమూ అంతే. నర్సు గది రిజిస్టరులో ఆ రెండు తేదీల పక్కన ఉన్నది నా పీరియడే. చూసి చాలా బాధపడ్డాను. పిల్లాడికి నొప్పి నిజంగానే ఉండి ఉంటుంది. దాన్ని తెచ్చింది నేనే.

మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో రాసిన సంగతి బీఈడీలో చదివాను. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లు దాటిస్తే పిల్లల జవాబులు పొడుగవుతాయని ఆవిడ చూపించారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయం, తరగతిలో పాటించలేదు. పైగా కె ఆ క్షణంలో మూడు పనులు చేయాలి: నా ప్రశ్న అర్థం చేసుకోవాలి, తన వాక్యాన్ని తలకిందులు చేయాలి, ప్రతి మాట చివరి అచ్చు తీసేయాలి. దానికి మూడు సెకన్లు కూడా చాలవు.

గుడ్డ పిండుతుండగా

జపాన్ స్కూళ్ళలో రోజూ సోజి ఉంటుంది, ఊడ్చి తుడిచే పని. పావుగంట సేపు మైకులో పాట వేస్తారు, పిల్లలు జట్లుగా తరగతులు, వరండాలు, మెట్లు, టాయిలెట్లు శుభ్రం చేస్తారు. టీచర్లూ చేస్తారు. నవంబరులో నాకు రెండో అంతస్తు వరండా వచ్చింది. కె జట్టు కూడా అక్కడే.

బకెట్టు నీళ్ళు చల్లగా ఉన్నాయి. నేను ఇంట్లో అమ్మ పిండినట్టు గుడ్డని అడ్డంగా పట్టుకుని రెండు చేతులతో మెలి తిప్పుతున్నాను. నీళ్ళు మోచేతుల దాకా కారి స్వెట్టర్ తడిసింది. కె కాసేపు చూశాడు. వచ్చి గుడ్డ తీసుకున్నాడు. దాన్ని మడిచి నిలువుగా పట్టుకున్నాడు, ఒక పిడికిలి కింద, ఒక పిడికిలి పైన. మోచేతులు దగ్గరికి తెస్తూ లోపలికి తిప్పాడు. నీళ్ళు ఒక్క ధారగా నేరుగా బకెట్లో పడ్డాయి. గుడ్డ నాకిచ్చి ఒకే మాట అన్నాడు: ‘బత్తో’.

బేస్‌బాల్ బ్యాటు పట్టుకున్నట్టు పట్టుకోమంటున్నాడు. నేనూ అలాగే పట్టుకుని, మా భాషలో దీన్ని ‘బ్యాటు’ అంటాం అన్నాను. వాడు తలెత్తాడు. ‘బ్యా... టు?’ అన్నాడు. ‘ఒనాజి’ అన్నాడు. ఒకటే కదా అని. తనంతట తాను నాతో అన్న మొదటి మాటలు అవే.

ఆ రాత్రి ఇంటికొచ్చి కూర్చుని ఒక జాబితా రాశాను. వాళ్ళు కటకానాలో, అంటే విదేశీ మాటలకి వాడే జపనీస్ లిపిలో, రాసే ఇంగ్లిష్ మాటలు ఒక పక్క, మనం తెలుగులో వాడే ఇంగ్లిష్ మాటలు ఒక పక్క. కప్‌ని మనం కప్పు అంటాం, వాళ్ళూ కప్పు అంటారు. బెంచ్‌ని మనం బెంచీ అంటాం, వాళ్ళు బెంచి. పేజ్ మనకు పేజీ, వాళ్ళకి పేజి. చివరి ఇకారం కాస్త పొట్టి, అంతే తేడా. టికెట్టు వాళ్ళ దగ్గర చికెత్తొ, బెడ్డు బెద్దొ, నెట్టు నెత్తొ. మనం ద్విత్వం పెట్టిన చోటే చాలాసార్లు వాళ్ళూ పెడుతున్నారు. చ, జ లతో ముగిసే మాటకి మనమూ ఇకారమే తగిలిస్తున్నాం, వాళ్ళూ ఇకారమే. ట, డ ల దగ్గర మాత్రం మనది ఉకారం, వాళ్ళది ఒకారం.

తెలుగు అజంత భాష అని చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెబితే పొగడ్త అనుకున్నాను. అది ఒక చెవి, ఒక నాలుక అలవాటు. హల్లుతో ఆగిపోయిన మాట మన నోటికి అసంపూర్తిగా ఉంటుంది, అందుకే ఒక అచ్చు ఇచ్చి కూర్చోబెడతాం. జపనీస్‌లోనూ ‘న్’ తప్ప మాట ఏ హల్లు మీదా ఆగదు. మా నాయనమ్మ బస్సు, రైలు, ఇస్కూలు అన్నట్టే కె బసు, సుకూరు అంటున్నాడు. మా నాయనమ్మని ఎవరూ వీక్ అనలేదు.

టీచరుతో మాట్లాడటం

ఏఎల్‌టీకి ఆలోచన వచ్చినంత మాత్రాన తరగతిలో అమలు చేసేయలేడు. ఇక్కడ పనులు జరిగే పద్ధతికి నెమావాషి అని పేరుంది. చెట్టుని ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట నాటే ముందు వేళ్ళ చుట్టూ తవ్వి సిద్ధం చేయడం దాని అసలు అర్థం. మీటింగులో కొత్త మాట ఎత్తకూడదు. ముందే ఒక్కొక్కరి బల్ల దగ్గరికి వెళ్ళి, మెల్లగా, సలహా అడిగినట్టు చెప్పాలి. మొదటి ఏడాది ఇది నాకు విసుగు తెప్పించింది. ఇప్పుడు మంచి పద్ధతే అనిపిస్తోంది, ఎందుకంటే అవతలివాళ్ళకి ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది. కె కి నేను ఇవ్వనిది అదే.

స్టాఫ్ రూములో ఇంగ్లిష్ టీచరు బల్ల నా బల్లకి ఎదురుగానే. సాయంత్రం క్లబ్బులు అయ్యాక టీ తీసుకెళ్ళి, ‘సెన్సే, ఒక విషయం అడగొచ్చా’ అని జాబితా చూపించాను. ఆయన చాలాసేపు చదివారు. తర్వాత ఒక అభ్యంతరం చెప్పారు, అది సరైనదే. కటకానా ఉచ్చారణ వదిలించడానికి తాము ఏళ్ళ తరబడి కష్టపడుతున్నామని, దాన్ని నేనే బోర్డు మీద రాస్తే పిల్లలు అదే ఒప్పనుకుని అక్కడే ఆగిపోతారని. వచ్చే ఏడాది చివర హైస్కూల్ ప్రవేశ పరీక్ష ఉంది, అందులో లిజనింగ్ కూడా ఉంది, పిల్లలతో ప్రయోగాలు చేసే టైమ్ లేదని.

నేను వాదించలేదు. పీరియడ్ మొదట్లో ఐదే నిమిషాలు ఇవ్వండి, జనవరి దాకా చూద్దాం, చెడుగా అనిపిస్తే ఆపేద్దాం అన్నాను. ఇంకోటి కూడా అడిగాను: ఎవరినీ ఒక్కణ్ని లేపి నిలబెట్టొద్దు, ముందు రాసుకోవాలి, తర్వాత పక్కవాడికి చెప్పాలి, ఆ తర్వాతే అందరికీ. రెండోదానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. మొదటిదానికి రెండు రోజులు తీసుకున్నారు.

చప్పట్లు

ఆయన అభ్యంతరం వల్లే పద్ధతి మెరుగైంది. కటకానా మాటని చూపించి వదిలేయకుండా, దాని తోక కత్తిరించే ఆటగా మార్చాను.

మొదటి రోజు బోర్డు మీద బంతి, బ్యాటు బొమ్మ గీశాను. ‘స్ట్రైక్’ని జపనీస్‌లో చెబుతూ చప్పట్లు కొట్టమన్నాను. సు, తొ, ర, ఇ, కు. ఐదు చప్పట్లు. పిల్లలకి ఇందులో వింతేమీ లేదు, వాళ్ళ భాషలో మాటని కొలిచేది అలాగే. తర్వాత మా ఊళ్ళో క్రికెట్ ఆడే పిల్లలు ఎలా అంటారో చెప్పాను: స్ట్రై, కు. రెండు చప్పట్లు. ఇంగ్లిష్‌లో ఎన్ని? కొందరు మూడన్నారు, కొందరు నాలుగు. నేను ఒక్కటే కొట్టాను. ఐదు చప్పట్ల మాట ఒక్క చప్పట్లో ఎలా పడుతుందని ఎవరికీ నమ్మకం కలగలేదు. మళ్ళీ చెప్పాను, మళ్ళీ ఒక్కటే కొట్టాను. కె బల్ల కింద చేతులు పెట్టి ప్రయత్నిస్తున్నాడు. వాడి భుజాలు కదలడం కనపడింది.

బల్ల దగ్గరికి వెళ్ళలేదు. చూసినట్టు కూడా కనపడనివ్వలేదు.

ఆ తర్వాత ప్రతి వారం ఐదు నిమిషాలు ఇదే. అవుట్, హిట్, సేఫ్, క్యాచ్. ముందు జపనీస్ కొలతలో, తర్వాత తెలుగు కొలతలో, చివర ఇంగ్లిష్‌లో. తెలుగు మధ్యలో ఉండటం చాలా సాయపడింది. ఇంగ్లిష్ మాటని తన నోటికి తగ్గట్టు మార్చుకోవడం తమ ఒక్కరి లోపం అనుకున్న పిల్లలకి, ఎదురుగా నిలబడిన ఇంగ్లిష్ టీచరు భాష కూడా అదే చేస్తుందని తెలిసింది. నాకు ‘వి’, ‘డబ్ల్యూ’ తేడా కాలేజీ దాకా రాలేదని, పడమర దిక్కూ బనీనూ నా నోట్లో ఒకే వెస్టుగా ఉండేవని చెప్పి, వాళ్ళ ముందే సాధన చేశాను. మొదటి రోజుల్లో ‘ఇండియా నుంచి ఇంగ్లిష్ టీచరా?’ అని ఆశ్చర్యపోయిన పిల్లలే ఇప్పుడు నా పెదాలు గమనించి ‘సెన్సే, ఇంకా గుండ్రంగా’ అని దిద్దడం మొదలుపెట్టారు.

తెలుగు టీచర్లకి ఒక జాగ్రత్త. మన ట, డ ల గరుకుదనం మన తోక. అది కూడా కత్తిరించుకోవాలి. నేను పాఠాలు రికార్డు చేసుకుని విని దిద్దుకున్నాను.

క్రియ చోటు

మధ్యాహ్నం భోజనం తరగతిలోనే. ఆ రోజు వంతు ఉన్న పిల్లలు తెల్ల కోట్లు, టోపీలు వేసుకుని వడ్డిస్తారు. అన్నం, సూపు, ఒక కూర, దాంతోపాటు 200 మిల్లీలీటర్ల పాలు. అన్నంతో పాలు ఎలా తాగుతారా అని నాకు మొదట్లో వింతగా ఉండేది. ఇక్కడివాళ్ళలోనూ అలా అనుకునేవాళ్ళున్నారు. పక్కనే ఉన్న సంజో నగరం, అన్నానికి పాలు నప్పవని 2014 చివర్లో కొన్నాళ్ళు స్కూలు భోజనంలో పాలు ఆపి చూసింది.

డిసెంబరులో ఒక రోజు కె జట్టుతో కూర్చున్నాను. ఇండియాలో రోజూ నాన్ తింటారా అని ఒక అమ్మాయి అడిగింది. జపాన్‌లో ఇండియన్ హోటళ్ళు చాలావరకు నాన్ పెడతాయి కాబట్టి అందరూ అడిగే ప్రశ్నే. కాదు, మా ఇంట్లో మూడు పూటలా అన్నమే, మా నాన్నది వరి పొలమే అన్నాను. కె తినడం ఆపాడు. నాటేది మెషీనుతోనా చేత్తోనా అని జపనీస్‌లో అడిగాడు. మెషీన్లు వచ్చాయి, చేత్తో నాటేవాళ్ళూ ఉన్నారు అన్నాను. వాడు అన్నం ముద్ద పక్కన పెట్టి, మెషీను వేళ్ళు నారుని ఎలా పీకి మట్టిలో గుచ్చుతాయో చాప్‌స్టిక్స్‌తో చేసి చూపించాడు.

అక్కణ్నుంచే వాక్యం పని మొదలైంది. బోర్డు మీద నాలుగు బొమ్మలు గీశాను: మనిషి, సూర్యుడు, అన్నం గిన్నె, తెరిచిన నోరు. దాని కింద జపనీస్‌లో ‘వతాషి వ మైనిచి గోహన్ ఒ తబెమస్’. దాని కింద తెలుగులో ‘నేను రోజూ అన్నం తింటాను’. తెలుగు లిపి వాళ్ళకి చదవడం రాదు, కానీ ఒక్కో మాట ఒక్కో బొమ్మ కిందికి వచ్చి కూర్చుంది. వరుస మారలేదు. గదిలో ‘ఎఎఎ’ అని ఒక పొడుగాటి ఆశ్చర్యం. మన ‘కి’ వాళ్ళ ‘ని’, మన ‘నుంచి’ వాళ్ళ ‘కర’, మన ‘దాకా’ వాళ్ళ ‘మదె’. ‘వస్తాను అని అన్నాడు’లో మన ‘అని’ ఎక్కడుంటుందో వాళ్ళ ‘తొ’ కూడా అక్కడే ఉంటుంది.

అప్పుడు నోరు బొమ్మని చేత్తో తీసి, మనిషి పక్కకి తెచ్చి అంటించాను. ఇంగ్లిష్ ఇంతే, నోరు ముందుకి దూకుతుంది అన్నాను. ఎర్ర సిరాతో ఎన్నిసార్లు దిద్దినా ఎక్కనిది, బొమ్మ కదిలితే ఎక్కింది. ఆ తర్వాత అందరికీ అట్టముక్కలు చేసిచ్చాను. క్రియలన్నీ పసుపు రంగు. పిల్లలు ముందు తమ భాష వరుసలో పేర్చి, తర్వాత పసుపు ముక్కని వేలితో జరపాలి. తప్పు వాక్యం ఎవరికీ లేదు, జరపాల్సిన వాక్యం ఉంది. నాకు ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. ‘ఐ రైస్ ఈట్’ అని రాసినప్పుడు కె తన భాషలో సరైన వాక్యమే రాశాడు. దాన్ని తప్పు అని మొదలుపెట్టిన టీచరు వాడి తెలివిని పక్కకి నెట్టేశాడు. ఆ టీచరు నేనే.

డిసెంబరు చివర మంచు మొదలైంది. ఇక్కడ రోడ్డు మధ్యలో పైపులు పాతి భూగర్భ జలం చిమ్మి మంచు కరిగిస్తారు. ఆ నీళ్ళలో ఇనుము ఉండి రోడ్లన్నీ తుప్పు రంగులో ఉంటాయి. ఆ ఎర్ర నీళ్ళలో తడిసిన బూట్లతో స్కూలుకొచ్చి, గుమ్మం దగ్గర లోపలి బూట్లు మార్చుకుని, తరగతికెళ్ళి హీటరు పక్కన నిలబడితే, కె ‘కోల్డ్’ అనేవాడు. ‘కోరుదొ’ అనలేదు. రెండు, మూడు సార్లు విన్నాక డైరీలో రాసుకున్నాను.

నూరు బస్తాల బియ్యం

ఫిబ్రవరిలో నలుగురేసి జట్లుగా తమ ప్రాంతం గురించి ఇంగ్లిష్‌లో చెప్పాలి. కె జట్టు ఎంచుకున్నది ఈ ప్రాంతంలో పిల్లలందరికీ తెలిసిన సంగతి. నాకు ఇంగ్లిష్ టీచరే చెప్పారు. 1868లో బోషిన్ అనే అంతర్యుద్ధంలో నాగావొకా సంస్థానం ఓడిపోయి, ఊరు కాలిపోయి, తిండికి కూడా లేని స్థితిలో ఉంటే, మినేయామా అనే సంస్థానం నూరు బస్తాల బియ్యం పంపింది. ఇప్పటి కొలతలో వాళ్ళ బస్తా 60 కిలోలు. మా వైపు ధాన్యం బస్తా 75. ఆకలితో ఉన్నవాళ్ళు పంచమన్నారు. కొబయాషి తొరసబురో అనే అధికారి ఒప్పుకోలేదు. ఆ బియ్యం అమ్మి, డబ్బు స్కూలుకి పెట్టించాడు. 1870లో ఆ స్కూలు తెరుచుకుంది.

కె మొదట రాసింది జపనీస్ వరుసే: వాళ్ళు, బియ్యం, తినలేదు. పసుపు ముక్క తీసుకుని ముందుకి జరిపాడు. కాసేపు చూసి, ‘నాట్’ని ఎక్కడ పెట్టాలని పక్కమ్మాయిని అడిగాడు, నన్ను కాదు. ఆ అమ్మాయి చూపించింది.

చెప్పే రోజు నలుగురూ ముందుకొచ్చి నిలబడ్డారు. కె వంతు మూడోది. వాడు మొదలుపెట్టడానికి ముందు నేను లోపల లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. అందించాలని నోటి చివరి దాకా వచ్చింది, ఆపుకున్నాను. వాడి కుడి చేతి వేలు ప్యాంటు కుట్టు మీద ఉంది. ‘దే డిడ్ నాట్ ఈట్ ద రైస్.’ ఒక్కో మాటకి వేలు ఒక్కోసారి తట్టింది. ‘ఈట్’కి ఒకటి, ‘రైస్’కి ఒకటి. ‘దే మేడ్ ఎ స్కూల్.’ అంతే, పక్కవాడికి కాగితం ఇచ్చేశాడు.

ఇంగ్లిష్ టీచరు గది వెనక నిలబడి ఉన్నారు. నా వైపు చూసి తల కొద్దిగా వంచారు.

మారింది, మారనిది

నర్సు గదికి వెళ్ళడం డిసెంబరు నుంచి ఆగిపోయింది. నోటుబుక్కులో క్రియ రెండో చోటుకి వచ్చింది. చిన్న వాక్యాల్లో దాదాపు ఎప్పుడూ, పొడుగు వాక్యాల్లో అప్పుడప్పుడూ. చివరి హల్లు నిలిపే మాటలు కొన్ని స్థిరపడ్డాయి. టర్ము పరీక్ష మార్కులు పెద్దగా పెరగలేదు. స్పెల్లింగ్ అలాగే ఉంది. ‘ఎల్’, ‘ఆర్’ తేడా చెవికి అందలేదు. అందులో నా తెలుగు ఏమీ సాయం చేయలేకపోయింది, ఎందుకంటే మనకి ఆ రెండూ పుట్టుకతోనే వేరు, వినపడకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. దాన్ని ఆ కష్టం పడి దాటిన జపనీస్ టీచరే బాగా చెప్పగలరు. ఆయనకే వదిలేశాను.

పేరు పెట్టి లేపడం ఆపేయడంతో తరగతిలో ఇంకో పది మంది దాకా నోరు విప్పారు. అది చప్పట్ల వల్ల వచ్చింది కాదు, టైమ్ ఇవ్వడం వల్ల వచ్చింది. రెండూ కలిపి ఒకే ఖాతాలో వేసుకోవడం న్యాయం కాదు.

మార్చి చివర్లో బదిలీల జాబితా వచ్చింది. ప్రభుత్వ స్కూళ్ళలో ఏటా ఆ టైమ్‌లోనే వస్తుంది. ఇంగ్లిష్ టీచరు వేరే ఊరికి వెళ్ళారు. వెళ్ళే ముందు పసుపు ముక్కల డబ్బా నా బల్ల మీద పెట్టి, తనకి ఒక సెట్టు చేసుకున్నానని చెప్పారు. కొత్తగా వచ్చిన ఆవిడ కోసం ఒక పేజీలో ఈ కేసంతా జపనీస్‌లో రాసి, ఆయన చేత దిద్దించుకుని ఇచ్చాను. మళ్ళీ టీ, మళ్ళీ బల్ల దగ్గర మాటలు. ఈసారి ఐదు నిమిషాలకి బదులు పది నిమిషాలు అడిగాను. మూడో ఏడాదిలో ‘నేను నిన్న కొన్న పుస్తకం’ లాంటి వాక్యాలు వస్తాయి. వర్ణన మొత్తం మనకీ వాళ్ళకీ పేరుకి ముందు ఉంటుంది, ఇంగ్లిష్‌లో వెనక్కి పోతుంది. దానికి నీలం రంగు ముక్కలు చేస్తున్నాను.

కె తరగతిలోనే ఒక అమ్మాయి ఉంది, తలుపు పక్క వరుసలో చివర. ఈ ఆరేడు నెలల్లో నేను చేసినవేవీ ఆమెని తాకలేదు. బేస్‌బాల్ ఆడదు, వాళ్ళింట్లో పొలం లేదు, సోజిలో వేరే అంతస్తు. అట్టముక్కలు సరిగ్గానే పేరుస్తుంది, పేర్చి నోరు మూసుకుంటుంది. ఏప్రిల్ నుంచి భోజనం ఆ జట్టుతో చేస్తున్నాను. ఆమె పెన్సిల్ బాక్సు మీద ఒక పిల్లి బొమ్మ ఉంది. ప్రస్తుతానికి నాకు తెలిసింది అంతే.